సవరణ: టీకా ఆరో వారంలో కాదు, పుట్టిన రోజే

తల్లికి హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్) పాజిటివ్ ఉంటే బిడ్డకు 6వ వారంలో వేసే పెంటావాలెంట్ టీకా (హెపటైటిస్ బితో కలిపి ఐదు జబ్బులకు ఒకటే సూది) చాలని, పాలు మాత్రం పట్టొద్దని మొన్న రాశాను. రెండూ తప్పే. హన్మకొండలో ఏఎన్ఎంగా చేసే మా వదిన చదివి, ఫోన్ చేసి గట్టిగానే వాయించింది.

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. 6, 10, 14 వారాల్లో వేసేవి దాని తర్వాతివి, దానికి బదులు కాదు. తల్లి పాజిటివ్ అయితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల సూది) కూడా కావాలి, వీలైతే 12 గంటల్లోపే: ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇది. ఎందుకింత తొందరంటే, వైరస్ ఎక్కువగా అంటేది కాన్పప్పుడే, పసిబిడ్డకు అంటితే 10 మందిలో 9 మందికి అది ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోతుంది.

తల్లి రక్తంలో వైరస్ మరీ ఎక్కువుంటే గర్భం 28వ వారం నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. దీని కోసమని సిజేరియన్ అక్కర్లేదు. పాలు నిక్షేపంగా పట్టొచ్చు, చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం ఆ పుండు మానేదాకా ఆ వైపు ఆపాలి.

అత్తగారింట్లో ఏమంటారోనని రిపోర్టు బ్యాగు అడుగున దాచుకుని కాన్పుకు వచ్చేవాళ్లున్నారట. ఇంట్లో చెప్పకపోతే మానె, లేబర్ రూములో సిస్టర్‌కైనా చూపించండి. బిడ్డకు 9 నెలలు దాటాక వైరస్ అంటిందో లేదో చూసే రక్తపరీక్ష ఉంటుంది, అదీ నేను రాయలేదు.