కలుపు సాగులో మేలైన యాజమాన్య పద్ధతులు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఏ పైరు వేస్తే నష్టం రాదని అడిగి చూడండి, తలపండిన శాస్త్రవేత్త కూడా తల గోక్కుంటాడు. చెనిక్కాయకు (వేరుశనగకు) వాన మొండిచెయ్యి చూపుతుంది. పత్తికి గులాబీ పురుగు, టమాటకు ధర, చీనీకి (బత్తాయికి) బోరు. కలుపు ఒక్కటే ఏటా, ఏ ఊళ్ళోనైనా, మాట తప్పకుండా పండుతోంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలో నెల రోజులు చినుకు లేకపోతే చెనిక్కాయ చెట్టు మధ్యాహ్నానికే ఆకులు ముడుచుకుంటుంది. గట్టు మీది వయ్యారిభామ అనే కలుపు మొక్క అదే ఎండలో నిండా పూస్తుంది. దానికి బీమా అక్కర్లేదు, సబ్సిడీ విత్తనం కోసం పొద్దున్నే చెప్పులు వరసలో పెట్టాల్సిన పని అసలే లేదు.

ఇంతటి పైరుకు ఇన్నాళ్ళూ సాగు పద్ధతులు రాసిపెట్టకపోవడం అన్యాయం. కింద రాసినవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. రైతులు, అధికారులు, మందుల అంగళ్ళవాళ్ళు ఎంతో నిష్ఠగా పాటిస్తున్నవే. వాటిని ఒకచోట చేర్చామంతే.

ముందు విత్తనం సంగతి. వయ్యారిభామ ఒక్క చెట్టు పది వేల నుంచి పాతిక వేల గింజలు రాలుస్తుంది. అమెరికా గోధుమలతో కలిసి దేశంలోకి వచ్చిందనీ, 1955 ప్రాంతంలో పూణేలో మొదట కంటబడిందనీ చెబుతారు. టికెట్ లేకుండా వచ్చిన అతిథి ఊరూరా స్థిరపడిపోయింది. కాబట్టి విత్తనం కొనాల్సిన పనిలేదు, చేలోకి తెచ్చుకునే దారి తెలిస్తే చాలు. అన్నిటికన్నా మంచి దారి పెంటదిబ్బ. దిబ్బను రెండు మూడుసార్లు తిరగేసి మూడు నాలుగు నెలలు మాగబెడితే లోపల వేడి పుట్టి కలుపు గింజలు చాలావరకు చస్తాయి. అందుకే అంతవరకు ఆగకూడదు. గడ్డిపోచలు ఇంకా గుర్తుపట్టేలా ఉండగానే ట్రాక్టరుకెత్తి ఎకరాకు నాలుగు బండ్లు తోలించాలి. ఎరువుతో పాటు విత్తనమూ ఒకే బాడుగలో చేరిపోతుంది.

కంపచెట్లు కావాలనుకునేవాళ్ళకు గొర్రెల మంద ఉంది. సర్కారు తుమ్మ కాయ తియ్యగా ఉంటుంది, గొర్రెలూ మేకలూ ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు గింజ కడుపులో నాని, పేడతో పాటు బయటపడి, మామూలు గింజ కంటే చురుగ్గా మొలుస్తుంది. ఈ విషయంలో కడప జిల్లా గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఒకటి ఉంది. 1870లలో వంటచెరకు కోసం ఈ చెట్టు విత్తనాన్ని జమైకా నుంచి తెప్పించి దేశంలో మొదట నాటిన చోట్లలో కమలాపురం ఒకటి. నాటిన దొరలు వెళ్ళిపోయారు. చెట్టు ఉండిపోయి చెరువులు, వంకలు, బీళ్ళు ఒక్కొక్కటే రాయించుకుంది.

ఇక దుక్కి. వేసవిలో మడకతో లోతుగా దున్ని పెళ్ళలు తిరగేసి వదిలేస్తే తుంగ గడ్డలు పైకొచ్చి ఏప్రిల్, మే ఎండలకు మాడిపోతాయి. ఖర్చు తక్కువ, మందు లేదు, పైగా వానొస్తే తేమ నిలుస్తుంది. ఇన్ని సుగుణాలున్న పని గనకే మానుకోవాలి. దాని బదులు తొలకరి పదునులో ట్రాక్టరుకు తగిలించే రోటవేటర్ కొట్టించాలి. తుంగ గడ్డలు భూమిలో దారాల్లాంటి వేళ్ళతో గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకు కొస గడ్డే మొలకేస్తుంది, మిగతావి పెద్దాయన మాట జవదాటని తమ్ముళ్ళలా నిద్రపోతుంటాయి. రోటవేటర్ ఆ గొలుసును ముక్కలు చేయగానే ప్రతి గడ్డా వేరు కాపురం పెడుతుంది. గరిక కాడలదీ అదే వరస. కణుపు కణుపుకూ వేరు తన్నే గడ్డిని జానెడు ముక్కలుగా నరికి చేనంతా వెదజల్లడానికి గంటకు ఇంత అని బాడుగ కట్టేవాడే అసలైన కలుపు రైతు.

గరిక సంగతి వచ్చింది గనక ఒక మాట. వినాయక చవితి పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త మూడూ ఉన్నాయి. ఏడాదికి ఒక్కరోజు కలుపును పీకడానికి ఇల్లంతా పోటీపడుతుంది. మిగతా రోజుల్లో ఆ ఉత్సాహం ఏమైపోతుందో విఘ్నేశ్వరుడికే తెలియాలి.

అసలు విద్య అంతా మొలకకు ముందు కొట్టే మందులో ఉంది. చెనిక్కాయకు పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు 1.3 నుంచి 1.6 లీటర్లు, 200 లీటర్ల నీళ్ళలో కలిపి, విత్తిన రెండు రోజుల్లోపు తడి నేల మీద కొట్టమంటారు. తేలిక ఎర్రనేలకు తక్కువ మోతాదు, నల్లరేగడికి ఎక్కువ. పసుప్పచ్చటి ఆ మందు నేల మీద పల్చటి పొరలా పరుచుకుని, గింజ పగిలి మొలక ఆ పొర దాటేటప్పుడు దాన్ని చంపుతుంది. మొలిచేసిన కలుపును ఏమీ చేయదు. కలుపు సాగు చేసేవాళ్ళకు ఈ వాక్యంలో ప్రతి ముక్కా ఒక అవకాశమే.

తేదీతో మొదలుపెట్టండి. రెండో రోజు కొట్టాల్సింది ఆరో రోజు కొడితే సగం కలుపు అప్పటికే తల ఎత్తి ఉంటుంది. ఆరిన నేల మీద, మిట్టమధ్యాహ్నం కొడితే కొంత మందు ఎండకే పోతుంది, మిగిలింది దుమ్ములో దుమ్ము. నీళ్ళలో పొదుపు అన్నిటికన్నా ముఖ్యం. పదహారు లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లంటే పన్నెండున్నర ట్యాంకులు. బోరు దూరం, భుజం నొప్పి. ఆరు ట్యాంకులతో ఎకరా చుట్టేస్తే పొర బదులు చారలు పడతాయి, చారకూ చారకూ మధ్య కలుపు సాలు పట్టినట్టు తిన్నగా మొలుస్తుంది. నాజిల్ మార్చకూడదు. పురుగుమందుకు వాడే కోన్ నాజిలే ఉంచాలి. అది పొగమంచులా చిమ్ముతుంది, గాలికి ఎటైనా పోతుంది. బల్లపరుపుగా విసనకర్రలా పడే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ అంగట్లో చవగ్గానే దొరుకుతుంది గానీ, అది అడిగిన రైతును అంగడివాడు కొత్త అల్లుడిని చూసినట్టు చూస్తాడు. చివరగా, కొట్టేటప్పుడు ముందుకు నడవాలి. వెనక్కి నడుస్తూ కొడితే పరుచుకున్న పొర చెదరదు. ముందుకు నడిస్తే మన అడుగులే దాన్ని చింపేస్తాయి. అడుగు పడ్డచోటల్లా మొలిచిన కలుపును లెక్కపెడితే ఎన్ని అడుగులు వేశారో తెలిసిపోతుంది.

మొదటి మందు తప్పినా రెండోది ఉంది కదా అని ఇరవై రోజులకు అంగడికి వెళ్ళాలి. అక్కడ జరిగే మాట ఇంతే:

“అన్నా, గడ్డికి మందియ్యి.”

“ఏం గడ్డి రా?”

“సేను నిండా ఉండాది గదన్నా, అదే గడ్డి.”

ఈ మూడు వాక్యాల్లోనే కలుపు సాగు గెలుపు ఖాయమైపోయింది. వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అంటాం, అది గడ్డి కాదు, వెడల్పాకు మొక్క. తుంగ చూడ్డానికి అచ్చం గడ్డే, అదీ గడ్డి కాదు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగానో బల్లపరుపుగానో తగులుతుంది, తుంగ కాడ మూడు పలకలై వేలికి గుచ్చుకుంటూ తిరుగుతుంది. క్విజలోఫాప్ ఇథైల్ అనే మందు ఎకరాకు 400 మిల్లీలీటర్లు కొడితే అసలు గడ్డిజాతి చస్తుంది. తుంగ మీద, వయ్యారిభామ మీద కొడితే వాటికి స్నానం చేయించినట్టే. ఇమాజితాపిర్ 10 శాతం మందు ఎకరాకు 300 మిల్లీలీటర్లు, కలుపు రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, నేలలో తేమ ఉండగా కొడితే వెడల్పాకు కలుపును, కొంత గడ్డిని లొంగదీస్తుంది. కలుపు మోకాలెత్తు వచ్చాక కొడితే వారం రోజులు పసుప్పచ్చగా అలిగి మళ్ళీ చిగురేస్తుంది. చేలోకి దిగి రెండు వేళ్ళతో కాడ దొర్లించి చూసే శ్రమ ఎవరికీ లేకపోవడం ఈ పైరుకు పెద్ద రక్షణ.

గట్ల మీద కొట్టే కలుపుమందు గ్లైఫోసేట్‌ది మరో ముచ్చట. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (లైసెన్సున్న పురుగు నివారణ పనివాళ్ళ) చేత మాత్రమే కొట్టించాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఆపరేటరు ఏ పల్లెలో ఉంటాడో తెలియదు గానీ మందు మాత్రం అన్ని పల్లెల్లోనూ ఉంటుంది. కుంటలోని ఎర్రనీళ్ళతో కలిపితే మట్టి రేణువులు మందును పట్టేసుకుని దాన్ని నీరుగారుస్తాయి. బోర్ల ఉప్పునీళ్ళలోని సున్నమూ అదే పని చేస్తుంది. పనిచేయలేదని మోతాదు రెట్టింపు చేసి, రెండు పిడికిళ్ళు ఉప్పు, ఒక గ్లాసు డీజిలు వేసి కొట్టేవాళ్ళున్నారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుకైనా చావాలి. ఇక్కడ అదీ చావదు.

కర్నూలు వైపు పత్తి రైతులకు ఒక విశేష సూచన. జొన్నకు 2,4-డి అనే కలుపుమందు కొట్టిన ట్యాంకును ఒక చెంబు నీళ్ళతో తొలిచి అదే ట్యాంకుతో పత్తికి పురుగుమందు కొట్టండి. నాలుగు రోజుల్లో పత్తి ఆకు సన్నగా చీలి బెండాకు వాలకానికి వస్తుంది. ఏదో వింత వైరస్ వచ్చిందని మళ్ళీ అంగడికి పరుగెత్తవచ్చు. సర్ఫు నీళ్ళతో మూడుసార్లు, గొట్టం నాజిలుతో సహా కడిగితే ఈ అనుభవం దక్కదు.

కూలీలతో కలుపు తీయించే పద్ధతి కూడా ఉంది గానీ దాన్ని వీలైనంత ఆలస్యం చేయాలి. చెనిక్కాయకు మొదటి 45 రోజులే కీలకం. ఇరవై రోజులకు ఒకసారి గుంటక తోలి, సాళ్ళలో మిగిలింది కలుపు తీసే తొలికతో తీయిస్తే పైరు కమ్ముకుని తన నీడతో తానే కలుపును అణిచేస్తుంది. 45 రోజులు దాటాక కాయ కట్టే ఊడలు నేలలోకి దిగుతాయి. అప్పుడు గుంటక తోలినా తొలిక ఆడించినా ఊడ తెగుతుంది, తెగిన ఊడకు కాయ ఉండదు. కాబట్టి సరిగ్గా యాభయ్యో రోజుకు ముఠాను పిలవడం ఆనవాయితీ. వచ్చిన ఆడవాళ్ళు మాత్రం మన పద్ధతులను పాడుచేస్తారు. పీకిన కలుపులో చెంచలాకు, పాయలాకు, గలిజేరు ఏరి కొంగున కట్టుకుపోతారు. రాత్రికి అది పప్పులో పడి ఎనుపు అవుతుంది. కలుపును పూర్తిగా ఓడించింది ఈ మొత్తం వ్యవహారంలో వాళ్ళొక్కరే. ఆ సంగతి ఏ సమీక్షా సమావేశంలోనూ రాదు.

సమావేశాల మాట వచ్చింది గనక వారోత్సవం. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామపై అవగాహన వారం జరుపుతారు. ఈ మొక్క మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది. జూన్ తొలకరికి మొలిచింది ఆగస్టు సగానికి గింజ రాల్చే దశలో ఉంటుంది. సరిగ్గా ఆ ముహూర్తానికి బ్యానరు కట్టి, చేతికి తొడుగు లేకుండా పీకి, ఫొటో దిగి, మొక్కలను గట్టు పక్కన కుప్ప వేస్తారు. గింజలు రాలతాయి, చేతులు దురద పెడతాయి, ఫొటో గ్రూపులో పడుతుంది. పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకి గుంతలో వేస్తే మంచి కంపోస్టు అయ్యేది. కానీ జూలైలో వారోత్సవం లేదు కదా.

దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. వానాకాలంలో ఆకులు జల్లెడ చేస్తుంది. వానలు తగ్గితే భూమిలోకి దిగి సెలవు పెడుతుంది. మన ఎండలకు దాని సర్వీసు ఏడాదిలో కొన్ని నెలలే.

వయ్యారిభామ ఊరికే గట్టు మీద నిలబడి ఉందిలే అనుకునేవాళ్ళు 2000 సంవత్సరం వానాకాలాన్ని గుర్తుచేసుకోవాలి. ఆ ఏడు అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల చెనిక్కాయను కాండం కుళ్ళు వైరస్ తెగులు పట్టింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా కాపురముంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని, అవి చెనిక్కాయ ఆకు గీరినప్పుడు వైరస్ లోపలికి దిగుతుంది. చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని వరుసలు ఒత్తుగా వేసి, గట్టు శుభ్రంగా ఉంచితే పుప్పొడికీ పురుగుకూ అడ్డం. కానీ గట్టు ఎవరిది? మీది కాదు, పక్కవాడిది. పక్కవాడి లెక్కలో మీది. కొలత రాయి విషయంలో మూడు తరాలు కోర్టుకెళ్ళిన గట్టు, కలుపు పీకే వేళకు ఎవరిదీ కాకుండా పోతుంది.

కోతకు ప్రత్యేకించి చేసేదేమీ లేదు, పండిన గింజ తనంతట తానే రాలుతుంది. మిగిలిన పనల్లా, రోటవేటర్ పళ్ళకు చుట్టుకున్న గరికను, అంటుకున్న తుంగ మట్టిని అలాగే ఉంచి బండిని పక్క చేనుకు పంపడమే. బాడుగ గంటల లెక్క మరి. కడుగుతూ కూర్చుంటే ఆ పావుగంట ఎవరి ఖాతాలో రాయాలని డ్రైవరు అడుగుతాడు.