ఓనరు గారి తాత్కాలిక మతిమరుపు

వైద్యశాస్త్రం చాలా ముందుకెళ్ళిందంటారు గానీ, బెంగళూరు ఇంటి ఓనర్లకు వచ్చే మతిమరుపు మీద ఇంతవరకు ఒక్క డాక్టరూ దృష్టి పెట్టినట్టు లేదు. మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా అద్దెకుండే మన తెలుగువాళ్ళలో ఎవర్ని లేపి అడిగినా లక్షణాలు గడగడా చెప్తారు. ఇల్లిచ్చేటప్పుడు ఓనరు ఆరోగ్యం భేషుగ్గా ఉంటుంది. రెండు లక్షల అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు. "మనవాళ్ళే కదప్పా, మళ్ళీ రసీదు ఎందుకు?" అంటాడు. మూడేళ్ళ తర్వాత తాళంచెవులు చేతిలో పెట్టి "అంకుల్, అడ్వాన్సు..." అనగానే జబ్బు పైకి తేలుతుంది.

"ఏ అడ్వాన్సు?"

హఠాత్తుగా వస్తుంది. రోగికి మాత్రం ఏ నొప్పీ ఉండదు.

దీనికి దూరపు చుట్టం ఒకటి వైద్య పుస్తకాల్లో ఉంది. ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా అంటారు. బోస్టన్‌లో పనిచేసిన ఫిషర్, ఆడమ్స్ అనే న్యూరాలజిస్టులు 1964లో దాని గురించి వివరంగా రాశారు. ఎక్కువగా యాభై దాటినవాళ్ళకు వస్తుంది. మనిషి స్పృహలోనే ఉంటాడు, చక్కగా మాట్లాడతాడు, తన పేరు, పెళ్ళాం బిడ్డలు అన్నీ గుర్తే. కొత్తగా జరుగుతున్నది మాత్రం మెదడులో నిలవదు. "నేనిక్కడికి ఎందుకొచ్చాను?" అని అడుగుతాడు. చెప్తే శ్రద్ధగా వింటాడు. రెండు నిమిషాలాగి మళ్ళీ అదే అడుగుతాడు. చాలామందికి నాలుగైదు గంటల్లో సర్దుకుంటుంది. 24 గంటలు దాటితే అది ఈ జబ్బు కాదు, డాక్టర్లు వేరే కారణం వెతుకుతారు.

మా ఓనరు గారికి ఎనిమిదో నెల నడుస్తోంది.

ఊరికే నింద వేశానని ఎవరూ అనకూడదు కాబట్టి శాస్త్రబద్ధంగానే వెళ్దాం. 1990లో హాడ్జెస్, వార్లో అనే డాక్టర్లు ఈ జబ్బును నిర్ధారించడానికి కొన్ని షరతులు పెట్టారు. జబ్బు వచ్చినప్పుడు కళ్ళారా చూసిన సాక్షి ఉండాలి. మెట్ల నిండా ఉన్నాం. రోగికి తానెవరో తెలిసుండాలి. "నేను ఓనర్ని" అని ఆయన ప్రతి వాక్యానికీ ముందు చెప్తూనే ఉన్నాడు. జ్ఞాపకం ఒక్కటి తప్ప మెదడు మిగతా పనులన్నీ సవ్యంగా చేస్తుండాలి. ఈ షరతు దగ్గర నాకు ఒళ్ళు పులకరించింది.

ఎందుకంటే మా పై పోర్షన్ కుర్రాడు ఖాళీ చేసిన రోజు ఓనరు గారు టార్చిలైటు పట్టుకుని వచ్చారు. పట్టపగలు. హాల్లో గోడ మీద మేకు కన్నం చూసి ఆగారు. "ఇది నువ్వొచ్చిన రెండో నెల్లో కొట్టింది. ఆదివారం. నేను తిని పడుకుని ఉంటి." వంటింట్లో కుళాయి తిప్పారు. "వాషరు కొత్తది వేయించి ఇచ్చినా, తొంభై రూపాయలు." బాత్రూంలో బల్బు విప్పి చూశారు. "నేనిచ్చింది తొమ్మిది వాట్లు, ఇది ఏడు." గీజరులో తెల్లగా పేరుకుందన్నారు. ఆ ఉప్పునీళ్ళు ఆయన బోరువే. బాల్కనీలో కూర్చుని తులసికుండీ మరకను వేలితో గీకి వాసన చూశారు. అలమర తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి, దాని కిర్రు తానిచ్చినప్పుడు ఇంత లేదన్నారు. మూడేళ్ళ నాటి కిర్రు ఆయనకు గుర్తుంది! తర్వాత పెయింటింగుకు ఒక నెల అద్దె, క్లీనింగుకు ఇంత, కిర్రుకు ఇంత అని కాగితం కలం లేకుండా కూడి, పైసలతో సహా చెప్పారు. అదంతా ఎందులోంచి కొట్టేయాలో మాత్రం గుర్తులేదు.

పెద్ద చిక్కేమిటంటే, ఆ సమయంలో మన బెంగళూరు మెదడు జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ నుంచి ఒక న్యూరాలజిస్టు అటుగా వచ్చి ఉంటే ఎవర్ని ఆంబులెన్స్ ఎక్కించేవాడు? ఓనరు గారు ప్రశాంతంగా ఉన్నారు, నవ్వుతున్నారు, కూడికలు తప్పడం లేదు. కుర్రాడు చెమటలు కక్కుతూ ఒకే ప్రశ్న వేస్తున్నాడు. "అంకుల్, నా డబ్బులెప్పుడిస్తారు?" "చూద్దాం లేప్పా" అని జవాబొస్తుంది. వింటాడు. తలూపుతాడు. రెండు నిమిషాలాగి, "అంకుల్, నా డబ్బులెప్పుడిస్తారు?" ఏ డాక్టరైనా కుర్రాణ్ణే స్ట్రెచర్ మీద పడుకోబెడతాడు. పక్కనుంచి ఓనరు గారు, "పాపం, అడ్వాన్సు ఇచ్చినాననే భ్రమలో ఉన్నాడు సార్" అని కేసు వివరాలు కూడా అందిస్తారు.

తాత్కాలికంగా మతి తప్పడానికి వేరే కారణాలూ ఉన్నాయి, ఓనరు గారి మీద గౌరవంతో అవీ పరిశీలించాను. తలకు దెబ్బ తగిలితే నిమిషాల నుంచి వారాల దాకా పోవచ్చు. ఆయన తలకు దెబ్బ తగల్లేదు, తగిలించాలని చాలామందికి ఉన్నా. మూర్ఛలో ఒక రకం ఉంది, సాధారణంగా గంటలోపే తగ్గుతుంది గానీ మళ్ళీ మళ్ళీ వస్తుంది. అతిగా తాగితే ఆ రాత్రి మెదడు అసలు రాసుకోనే రాసుకోదు. షుగరు బాగా పడిపోయినా, కొన్ని నిద్రమాత్రలతోనూ ఇలాగే జరుగుతుంది. బీ12 తక్కువైతే మతిమరుపు మెల్లగా వస్తుంది, తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు దారికొస్తుంది. అడ్వాన్సును మాత్రమే చెరిపేసి బల్బు వాట్లను భద్రంగా దాచే విటమిను లోపం నాకెక్కడా కనబడలేదు.

ఆ కుర్రాడు అసలెందుకు ఖాళీ చేశాడో కూడా చెప్పాలి. చలికాలంలో వాళ్ళమ్మ ఆదోని నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. పొద్దున్నే గీజరు వేసుకోకుండా చన్నీళ్ళు తలారా పోసుకుని బయటికొచ్చి, "మనం ఎప్పుడొచ్చినాం రా? మీ నాయనకు చెప్పే వచ్చినానా?" అంది. చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. గంటసేపు అదే. చన్నీళ్ళ వల్ల కూడా ఈ జబ్బు మొదలవుతుందని డాక్టర్లు తర్వాత చెప్పారు గానీ, ముందు చెప్పినవాళ్ళు మెట్ల మీద డాక్టర్లు. ఒకరు గాలి సోకిందన్నారు. ఒకరు ఉప్పుతో దిష్టి తీశారు. ఓనరు గారు పైకొచ్చి, నడుం మీద చేతులేసుకుని, "కోడలితో పడనప్పుడు ముసలివాళ్ళు చేసే నాటకాలు నాకు తెలీవా?" అన్నాడు.

నాటకమట! ఆ తల్లి కళ్ళల్లో భయం చూసి కూడా ఆ మాట ఎలా వచ్చిందయ్యా నోట్లోంచి? అది పక్షవాతం అయ్యుంటే? మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షనుకు మొదలైన దగ్గర్నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. అందులో మూడు గంటలు ఉప్పుకూ, నీ తీర్పుకూ పోయాయి. హఠాత్తుగా మతి తప్పిన మనిషిని చూస్తే బండి పిలవాలి, అంతే. అది పక్షవాతమో, మూర్ఛో, ఇదో తేల్చాల్సింది ఆస్పత్రి. అదృష్టం బాగుండి సాయంత్రానికి ఆమె మామూలు మనిషైంది. ఆ పొద్దుటి గంటలు మాత్రం ఆమెకు ఇప్పటికీ లేవు, ఇక రావు. మందులు కూడా అక్కర్లేదన్నారు. మర్నాడు ఓనరు పిలిచి, "ఇట్లాంటి జబ్బు మనుషులుంటే మాకు కష్టమప్పా, వేరే ఇల్లు చూసుకో" అన్నాడు. కొత్తింటి అడ్వాన్సు కోసం కుర్రాడు భార్య గాజులు కుదువపెట్టాడు. నిజంగా మర్చిపోయిన మనిషిదేమో నాటకం. నీదేమో జబ్బు. సిగ్గుండక్కర్లేదా?

అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ చట్టంలో, అంటే రాష్ట్రాలకిచ్చిన నమూనా అద్దె చట్టంలో, రాసింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అది అమలవుతుంది. ఈ సంగతి మా ఓనరు గారికి చాలా బాగా గుర్తుంది.

మొన్న ఆ పోర్షన్ చూడటానికి నెల్లూరు జంట ఒకటి వచ్చింది. ఓనరు కిందికి వెళ్ళగానే ఆ అబ్బాయి నన్ను పక్కకు పిలిచి అడిగాడు, "ఓనరు ఎలాంటాయన అంకుల్?"

"వీడియో తీసుకున్నావా?" అన్నాను.

"తీశాం అంకుల్. గోడలు, కుళాయిలు, బాత్రూం, అన్నీ."

"ఇల్లు కాదు బాబూ, ఆయన్ని తీయి. డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు."