తొక్కేవాడిదే రోడ్డు

తెల్లవారుజామున సైకిళ్ల దండు ఒకటి పెన్న దాటి కోవూరు పొలాల మధ్యకు దిగిందంటే నెల్లూరు జిల్లాకు మంచిరోజులు వచ్చినట్టే. హెల్మెట్లు, నల్లకళ్లద్దాలు, ఒంటికి అతుక్కుపోయిన రంగుల చొక్కాలు, ఒంగోలు గిత్త ధర పలికే సైకిళ్లు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో తొక్కాలి. పోటీ కాదు, ముందు వచ్చినవారికి బహుమతి లేదు. పారిస్‌లోని ఆడాక్స్ అనే సైకిల్ క్లబ్బు 1921 నుంచి నడిపిస్తున్న పద్ధతి ఇది. నిష్కామకర్మను మనం మరిచిపోతే ఫ్రెంచివారు భద్రపరిచారు. ఊపిరితిత్తుల ఆరోగ్యం కోసం కందుకూరు వైపు పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల పక్కగా తొక్కడం కూడా అందులో భాగమే.

పాలక్యాన్లు కట్టుకుని మా ఊరాయన ఏళ్ల తరబడి ఇదే రోడ్డు మీద తొక్కుతున్నాడు కదా అని కొందరి కుతర్కం. రుజువేది? ఆయన ఫోనులో దారి గీత లేదు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క లేదు. శాస్త్రీయంగా చూస్తే ఆయన ఇల్లు కదలనే లేదు.

రోడ్డు మీద ఆరబోసిన వడ్ల వల్ల చక్రాలు జారుతున్నాయన్నది దండువారి ఫిర్యాదు. న్యాయమైనదే, ఆ వడ్ల మీద పడి చేతులు విరగ్గొట్టుకున్నవారు ఉన్నారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారని, కళ్లం లేనివారికి రోడ్డే కళ్లమని రైతులు ఏదో చెబుతారు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. అన్ని వడ్లను సాయంత్రం కుప్పచేసి టార్పాలిన్ పట్టలు కప్పి, పొద్దున మళ్లీ పరచడాన్ని వ్యాయామంగా ఇంతవరకు ఏ క్లబ్బూ గుర్తించలేదు. అయినా ఫోటోల్లో వెనకాల పసుపురంగు బాగా పడింది కాబట్టి దండువారు రైతులను క్షమించారు.

అసలు మెచ్చుకోవలసింది వారి కార్డును. దారిలో టీకొట్టు ఆయన ముద్ర వేసి టైము రాస్తే చాలు, పారిస్ నమ్ముతుంది. అదే టీకొట్టులో కూర్చునే కౌలు రైతుకూ ఒక కార్డు ఉంది. 2019 నాటి చట్టం ఇచ్చిన పంట సాగుదారు హక్కుల కార్డు. కాకపోతే దానికి 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలమే పోతుందని ఆయనకు భయం. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆ పొలంలో ఎవరు వంగి ఉన్నారో టీకొట్టు ఆయనకు కళ్లారా తెలుసు. ఆ సాక్ష్యం మాత్రం చెల్లదు.

అందుకే ప్రభుత్వానికి నాదొక సవినయ సూచన. కౌలు రైతులందరినీ సైకిళ్లెక్కించండి. తాము దున్నే పొలం చుట్టూ 200 కిలోమీటర్లు తిరగనివ్వండి. టీకొట్టు ముద్రతో, యజమాని ఊసే లేకుండా, చేతికి కార్డు వస్తుంది. దాన్ని చూసి బ్యాంకువారు పంటరుణం ఇస్తారా అంటే, ఇవ్వరు. పతకం మాత్రం దొరుకుతుంది, అదీ విడిగా డబ్బు కడితే.