పెరటి కోడికి పైకప్పు

తెల్లారగానే గంప ఎత్తితే కోడి తన పిల్లలతో వీధిన పడుతుంది. పెంటకుప్ప కెలికి, కాలువ గట్టున నీళ్లు తాగి, పొద్దుగూకే వేళకు తనే ఇంటికి చేరుతుంది. పెద్దగా ఖర్చు లేని ఈ పెంపకం వల్లే పేదింటి ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. అయితే చలికాలంలో అదే కాలువకు, అదే వరిమడికి వలస బాతులూ దిగుతాయి. చిక్కంతా అక్కడే.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో చచ్చిన కోళ్లకు సోకింది బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్ తేల్చింది. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు, తణుకు మండలం వేల్పూరు వంతు వచ్చింది. ఆ మరుసటి నెలలోనే నరసరావుపేటకు చెందిన రెండేళ్ల చిన్నారిని ఈ వైరస్ బలి తీసుకుంది. అప్పుడు అందరి టెన్షనూ ఫారాల గురించి, గుడ్ల ధర గురించే. పెరటి కోళ్లను ఎవరూ తలచుకోలేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లు, బాతుల్లో 31 కోట్లకు పైగా పెరళ్లలో పెరుగుతున్నవే.

అడవి బాతు చాలాసార్లు జబ్బుపడకుండానే వైరస్‌ను మోస్తుంది. దాని రెట్టతో అది నీళ్లలో కలుస్తుంది. చల్లటి నీళ్లలో రోజుల తరబడి బతుకుతుంది. ఆ నీళ్లు కోడి తాగినా చాలు, పొలం నుంచి వచ్చిన మనిషి చెప్పులకు అంటిన బురదను పొడిచినా చాలు. అందుకే వలస బాతులుండే ఆ నాలుగు చలి నెలలైనా మేత, నీళ్లు కప్పు కింద పెట్టాలి. కాలువ నీళ్లు కాకుండా బోరు నీళ్లు పోయాలి. ఆరుబయట నూకలు చల్లితే కాకులు, గోరింకలు దిగుతాయి కాబట్టి ఆ అలవాటు మానాలి. పొలం చెప్పులు గడప బయటే విడవాలి. సంక్రాంతికి సంతలో కొన్న పుంజును రెండు వారాలు విడిగా కట్టేయాలి. బాతులను, కోళ్లను ఒకే గూట్లో ఉంచకూడదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. కోళ్లు చచ్చిపోతే మన ఊళ్లలో కొక్కెర తెగులు (రాణిఖేత్) అనుకుని ఊరుకుంటారు. మిగిలినవాటిని అయినకాడికి అమ్ముతారు, లేదా కోసుకు తింటారు. కొక్కెర తెగులుకు టీకా ఉంది. కానీ సీసా విప్పితే వందల కోళ్లకు సరిపోయే మందును కొన్ని గంటల్లోనే వాడేయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు దాన్నెలా కొంటుంది? ఊరంతటికీ ఒకే రోజు పశువైద్య సిబ్బందే వేయాలి. ఈ టీకా పడిన ఊళ్లో కోళ్లు ఒక్కసారిగా రాలిపోతే, తల వాచి తురాయి నీలంగా మారితే, అది మామూలు తెగులు కాదని వెంటనే అనుమానం వస్తుంది. పశువైద్య సాయం కోసం ఉన్న 1962 నంబరుకు ఫోన్ వెళ్తుంది.

వెళ్తుందా? నిబంధన ప్రకారం జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు దూరం వరకూ ఉన్న కోళ్లన్నింటినీ చంపేస్తారు. పరిహారం ఉంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం భరిస్తాయి. ఫారం యజమానికి లెక్కల పుస్తకం ఉంటుంది. పెరటి కోళ్లకు ఏ లెక్క ఉంటుంది? కబురు చెబితే తన కోళ్లు పోతాయి, చుట్టుపక్కల వాళ్లు తిట్టుకుంటారు, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆమె నోరు మెదపకపోతే తప్పు ఆమెది కాదు. కోళ్లను తీసుకెళ్లిన రోజే ఆమె ఖాతాలో డబ్బు పడాలని మేం కోరుతున్నాం.

పక్షుల మీద పగ పెంచుకోవడం మాత్రం వద్దు. బెదరగొడితే అవి మరో ఊరి చెరువుకు చేరతాయి, జబ్బూ వాటి వెంటే వెళ్తుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాళ్లు ఏటా వచ్చే కొంగలను ఇంటి చుట్టాల్లా చూసుకుంటున్నారు. మార్చాల్సింది మన గూడును. నాలుగు గుంజలు, చుట్టూ సన్న వల, పైన రేకు ఉంటే పది కోళ్లకు సరిపోతుంది. డ్వాక్రా సంఘాల ద్వారా దీనికి సాయం అందించడం ప్రభుత్వాలకు పెద్ద భారమేమీ కాదు. అక్టోబరు నుంచి కొల్లేటికి, పులికాట్‌కు వలస పక్షుల రాక మొదలవుతుంది. టీకా అయినా, గూడు అయినా ఆలోపే ఆ పెరళ్లకు చేరాలి.