మనిషిని చదివే సబ్జెక్టులకు మన జూనియర్ కాలేజీల్లో చోటు కావాలి

ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న ప్రశ్నకు నెల్లూరులోనూ ఒంగోలులోనూ చాలాకాలంగా రెండే జవాబులు వినిపిస్తున్నాయి: ఎంపీసీ, లేకపోతే బైపీసీ. ఇంటర్ బోర్డు పరీక్షల టైం టేబుల్‌లో సివిక్స్ పక్కన సైకాలజీ, కామర్స్ పక్కన సోషియాలజీ ఏళ్ల తరబడి అచ్చవుతూ వచ్చాయి గానీ, ఆ పేపర్లు రాసే విద్యార్థి మన పట్టణాల్లో కనిపించడం అరుదు. 2025-26 నుంచి మొదటి సంవత్సరంలో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీ అనే కొత్త గ్రూపు వచ్చింది. ఆ సంస్కరణల మీద ఇక్కడ జరిగిన చర్చ మాత్రం ఏ మార్పు ఏ ప్రవేశ పరీక్షకు పనికొస్తుందన్న లెక్క దాటి ముందుకు సాగలేదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, ఆరోగ్య సామాజిక సంరక్షణ అనే మూడు విషయాలను ప్రధాన సబ్జెక్టులుగా, తెలుగులో, మన ఊళ్లనే పాఠ్యవస్తువుగా చేసుకుని బోధించాలన్నది నా వాదన. రాష్ట్రంలో ఎక్కడైనా ఇది అవసరమే; ఈ రెండు జిల్లాల్లో ఇక వాయిదా వేయకూడని అవసరం.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒక్కరైనా ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం మానాలని కోర్టు చెప్పింది. నెల్లూరు హాస్టళ్లను దగ్గరగా చూసినవారికి ఈ రెండో మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందో వివరించనక్కర్లేదు. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుతుంది. సెక్షన్‌తోపాటు పక్క మంచం స్నేహితుడూ మారిపోతాడు. ఆదివారం క్యారియర్ పట్టుకుని ఉదయగిరి నుంచో కందుకూరు నుంచో బస్సెక్కి వచ్చిన తల్లికి ఆ సంగతి చెప్పలేక పిల్లవాడు "బానే ఉన్నాలేమ్మా" అని తల దించుకుని అన్నం కలుపుకుంటాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడేవారున్నారు. కానీ తనకు వచ్చిన కష్టం బద్ధకమో చేతకానితనమో కాదని, సాయం అడగదగ్గ స్థితి అని ఆ పిల్లవాడు ముందుగా గుర్తించాలి కదా? ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సైకాలజీ పాఠ్యపుస్తకంలో జీవిత సవాళ్లను ఎదుర్కోవడం మీద, మానసిక రుగ్మతల మీద, చికిత్సా విధానాల మీద విడివిడిగా అధ్యాయాలున్నాయి. ఎవరికి అవి అందరికంటే ఎక్కువ అవసరమో, ఆ పిల్లల చేతికి ఆ పుస్తకం రావడం లేదు.

కోర్టు అడిగిన కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది మరో ప్రశ్న. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులు నడపకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది. మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిన విద్య కాబట్టి ఆ ఆదేశాన్ని నేను సమర్థిస్తాను. అయితే చిన్న పట్టణాల వారికి ఉన్న సులువైన దారి దాంతో మూసుకుపోయింది. ఇంటర్ నుంచే రెగ్యులర్ దారి వేయకపోతే ఈ కొలువులన్నీ మహానగరాల వారికే పోతాయి.

కౌన్సెలర్ల కొరత ఒక్కటే అయితే నియామకాలతో సరిపెట్టుకోవచ్చు. అంతకంటే పెద్ద కారణం మన నీళ్లలో ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి భారతదేశంలో వెలువడిన తొలి శాస్త్రీయ నివేదిక 1937 నాటిది. అది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించినది. ఇప్పుడు ఉమ్మడి ప్రకాశం అంటున్న ప్రాంతంలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే. దాదాపు తొంభై ఏళ్ల తరువాత కూడా ఆ మెట్ట ఊళ్లలో నడుము వంగిన వృద్ధులు కనిపిస్తున్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు ఒకటిన్నర దాకా సహించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ సంఖ్యను మన బైపీసీ విద్యార్థి ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా చెప్పగలడు. ఆ తరువాత ఏమిటన్నది అతని సిలబస్‌లో లేదు.

అసలు కథ ఆ తరువాతే మొదలవుతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో పడతాయి. తరువాత ఎంత మంచి నీళ్లు తాగినా అవి పోవు. కాబట్టి కనిగిరి వైపు నుంచి ఒంగోలు కాలేజీకి వచ్చిన అమ్మాయి ఊరు విడిచి వచ్చినా ఊరి నీళ్ల గుర్తు ఆమెతోనే వస్తుంది. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, గ్రూప్ ఫొటోలో పెదవులు బిగిస్తుంది, జవాబు తెలిసి కూడా లేచి నిలబడదు. ఆమె గురించి లెక్చరర్లు చెప్పే మాట ఒక్కటే: "నెమ్మదస్తురాలు." దేహం గురించిన సిగ్గు మనిషి స్వభావాన్ని ఎలా మలుస్తుందో వివరించేది మనస్తత్వశాస్త్రం. అదే ఊళ్లో ఎవరింట్లో క్యాను నీళ్లు, ఎవరింట్లో బోరు నీళ్లు అని ఒక పూట తిరిగి రాసుకుంటే ఆ పట్టికలో కులం కనిపిస్తుంది, కూలి రేటు కనిపిస్తుంది, తాగడానికి క్యాను కొన్న ఇంట్లోనే వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే పొదుపు కనిపిస్తుంది. అది సమాజశాస్త్రం. కీళ్లు బిగిసి మంచాన పడిన మామగారిని లేపి కూర్చోబెట్టి, తుడిచి, తినిపించి, అప్పుడు పొలం పనికి వెళ్లే కోడలి చాకిరీని గంటల్లో లెక్కించి, పడక పుండ్లు పడకుండా మనిషిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలో, తిప్పేవారు తమ నడుమును ఎలా కాపాడుకోవాలో నేర్పేది ఆరోగ్య సామాజిక సంరక్షణ. ఒక్క రోగం చుట్టూ మూడు శాస్త్రాలు ఉన్నాయి. వీటిలో ఏదీ రసాయన శాస్త్రం కంటే తేలిక కాదు, తక్కువా కాదు.

ఈ మూడో సబ్జెక్టు పేరు మనకు కొత్తగా అనిపించవచ్చు. ఇంగ్లండ్‌లో పదహారేళ్లు దాటిన వారికి హెల్త్ అండ్ సోషల్ కేర్ ప్రత్యేక సబ్జెక్టుగానే ఉంది. అక్కడ మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్ పరీక్షల్లో ఇటీవలి సంవత్సరాల్లో గణితం తరువాత అత్యధికులు రాస్తున్నది సైకాలజీ. ఇక్కడ బైపీసీ చదివి నర్సింగ్‌లో చేరిన అమ్మాయి మాత్రం బీఎస్సీ మొదటి సెమిస్టర్‌లో అప్లయిడ్ సోషియాలజీ, అప్లయిడ్ సైకాలజీ పేర్లు మొదటిసారి వింటుంది; నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం మొదటి ఏడాదిలో బిహేవియరల్ సైన్సెస్ పేరుతో అవే విషయాలు ఎదురవుతాయి. అనాటమీ బరువులో వాటిని పరీక్షకు ముందు బట్టీ పట్టి బయటపడుతుంది. మరుసటి ఏడాది వార్డులో "ఈ మాత్రలు వేసుకుంటే ఒళ్లు వేడి చేస్తుందమ్మా, మానేశాను" అన్న పెద్దాయన ఎదురైతే, ఆ మాట వెనుక ఉన్న నమ్మకాన్ని, భయాన్ని, ఖర్చును విడదీసి చూడడం ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు.

ఈ చదువులకు ఉద్యోగాలేవని తల్లిదండ్రులు అడుగుతారు. అప్పు చేసి ఫీజు కట్టే తండ్రి అడగవలసిన ప్రశ్నే అది. జవాబు కూడా సూటిగానే ఉంది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, బోధనాశాస్త్రానివి; సివిల్స్‌లో మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం రెండూ ఐచ్ఛికాంశాలు; నర్సింగ్, అంగన్‌వాడీ, వృద్ధాశ్రమాలు, పునరావాస కేంద్రాలు, కోర్టు అడిగిన కౌన్సెలర్ కొలువులు, అన్నీ మనిషితో పనిచేసేవే. వయసొచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఇళ్లు ప్రతి వీధిలోనూ పెరుగుతున్నాయి. ఆ ఇళ్లకు కావలసింది శిక్షణ పొందిన మనుషులే. ఉపాధి వాదనను నేను ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది అది కాదు.

ఈ జిల్లాలో చదువు చేసిన అతి పెద్ద పని ఏదని అడిగితే నేను ర్యాంకుల జాబితా చూపించను, దూబగుంట అనే ఊరి పేరు చెబుతాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి వెళ్లి, రాత్రి లాంతరు కింద పలక పట్టుకున్న ఆ విద్యార్థులు ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్లు. వాళ్ల వాచకంలో ఒక ఊరి స్త్రీలు కలిసికట్టుగా సారా దుకాణం మూయించిన కథ పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివిన చోట్ల చర్చ జరిగింది: కూలి డబ్బు ఎటు పోతోంది, దెబ్బలు ఎందుకు తింటున్నాం, ఊళ్లో మంచినీళ్లు దొరకని పూట కూడా సారా ఎలా దొరుకుతోంది? దూబగుంటలో ఆ ఊరి రోసమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణం మూయించారు, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం అమలయింది. రెండేళ్లకే ఆ నిషేధం సడలిన సంగతి తెలిసిందే. అయినా పెద్దవయసు విద్యార్థుల ముందు వాళ్ల బతుకునే పాఠంగా పెడితే ఏం జరుగుతుందో దేశానికి చూపించింది నెల్లూరే. కుటుంబం, మద్యం, కూలి, రాజ్యం, వీటి మధ్య సంబంధాన్ని వాళ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పట్టుకున్నారు. ఆ స్త్రీల మనవరాళ్లు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు. వాళ్లకు ఆ పాఠం దొరకడం లేదు.

ఇక్కడే నన్ను ఎక్కువగా బాధించే విషయం చెప్పాలి. మన జిల్లాలు ఎప్పుడూ ఇతరుల పరిశోధనకు వస్తువుగానే మిగిలిపోయాయి. ఫ్లోరోసిస్ మీద పరిశోధకులు వచ్చారు, నీళ్ల నమూనాలు, మూత్రం నమూనాలు సీసాల్లో పట్టుకెళ్లారు. సారా ఉద్యమం మీద దేశదేశాల పండితులు రాశారు. తీరంలో రొయ్యల చెరువుల మీద రాశారు, వలసల మీద రాశారు. ఆ రాతలన్నీ ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. రాయబడిన ఊరికి తిరిగి వచ్చినవి తక్కువ. మర్రిపూడిలోనో వరికుంటపాడులోనో పుట్టిన పిల్లలు తమ ఊరి గురించి తాము ప్రశ్న వేసి, తాము తిరిగి, తాము రాసి, దాన్ని పంచాయతీ ముందు తెలుగులో చదివే రోజు రావాలి. ప్రశ్న అడిగే హక్కు ఎవరిదో, జవాబు చెప్పే పని ఎవరిదో అన్నది చదువులోని అసలు అసమానత. మెడిసిన్ సీట్ల సంఖ్య పెంచినంత మాత్రాన అది తగ్గదు. మనిషిని, ఊరిని పరిశీలించే పద్ధతి ప్రభుత్వ జూనియర్ కాలేజీ దాకా దిగి వస్తేనే తగ్గుతుంది.

అలా దిగి రావడానికి నమూనాలు కొత్తగా వెతకనక్కర్లేదు. సీబీఎస్‌ఈ సైకాలజీలో నూటికి 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి, సోషియాలజీలో 20 మార్కులు ప్రాజెక్టువి. మన బోర్డు ఇంకొక అడుగు వేసి, ప్రాక్టికల్ రికార్డును గైడు చూసి నింపే వీలు లేకుండా, విద్యార్థి సొంత మండలం మీదే రాయించాలి. దీనికి జాగ్రత్తలు కూడా అవసరమే. మానసిక రుగ్మతల పాఠం విన్న వారానికే స్నేహితుడికి ఏదో ఒక జబ్బు పేరు అంటగట్టే వయసు అది. రోగనిర్ధారణ తమ పని కాదని, విని సరైన చోటికి పంపడమే తమ పని అని మొదటి రోజు తరగతిలోనే చెప్పాలి. సర్వేకు వెళ్లినప్పుడు ఇంటివారి అనుమతి అడగడం, రికార్డులో పేర్లు రాయకపోవడం, విన్నది కాలేజీ వరండాలో చెప్పుకోకపోవడం పాఠంలో భాగం కావాలి. తరగతిలో కూర్చున్న వారిలోనే తండ్రి తాగుడును, తల్లి దిగులును మోస్తున్న పిల్లలుంటారు కాబట్టి, ఏ పాఠం దగ్గర ఆగాలో, తరగతి అయ్యాక ఎవరిని పిలిచి మాట్లాడాలో తెలిసిన అధ్యాపకులు కావాలి.

అందువల్ల నియామకాల తీరే దీన్ని నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం కలిసి తెలుగులో పాఠ్యసామగ్రి తయారుచేసి, అధ్యాపకులకు శిక్షణ ఇవ్వగలవు. ఆ పని ప్రభుత్వం వాటికి అప్పగించాలి. ఉదయగిరి, కనిగిరి వంటి మెట్ట ప్రాంతాల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఈ మూడు సబ్జెక్టులతో ఒక గ్రూపును ముందుగా ప్రారంభించాలి. అక్కడ వేసే పోస్టులు రెగ్యులర్ జూనియర్ లెక్చరర్ పోస్టులై ఉండాలి. డిసెంబరులో చేరి మార్చిలో వెళ్లిపోయే గెస్ట్ లెక్చరర్‌కు ఏ విద్యార్థీ తన ఇంటి సంగతి చెప్పడు, ఏ ఊరూ తన లెక్క చూపించదు.