కారుకు లప్పం పెట్టేముందు డోర్ కబ్జాలు చూడండి

అంబాసిడర్ కారు డోర్ వాలితే స్ట్రైకర్ (డోర్ మూసినప్పుడు లాక్ పట్టుకునే ముక్క) కిందికి జరపమని ఒక వ్యాసంలో రాశారు. అట్ల చేస్తే లాక్ పడుతది గానీ డోర్ వాలుగనే ఉంటది. ముందు డోర్ సగం తెరిచి వెనక అంచు పట్టి పైకి లేపి చూడండి. కబ్జా (డోర్‌ను బాడీకి పట్టే హింజ్) దగ్గర లొడలొడ కదిలితే దానిలోని పిన్ను, పిన్ను చుట్టూ ఉండే బుష్ అరిగినట్టే. అవి మార్చకుండా బోల్టులు ఎంత బిగించినా మళ్లీ దిగుతది. కదలకపోతే గడప పట్టీ (డోర్ కింద ఉండే బాడీ అంచు), పిల్లర్ (కబ్జా బిగించే నిలువు కంబం) అడుగున తుప్పు వెతకాలి. వరంగల్ దిక్కు వానలకు నానిన పాత బండ్లల్ల మరీను.

డోర్ సెట్టింగ్ బండి నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే చెయ్యాలి, జాకీ మీద కాదు. స్ట్రైకర్, బీడింగ్ రబ్బర్ (డోర్ చుట్టూ ఉండే రబ్బర్ పట్టీ) తీసెయ్యండి. కదలని వెనక ప్యానెల్‌ను బట్టి వెనక డోర్, దాన్ని బట్టి ముందు డోర్, ఆఖరున మడ్‌గార్డ్ సెట్ చెయ్యాలి. కింది కబ్జాకు, పిల్లర్‌కు నడుమ 1 మి.మీ. రేకుముక్క పెడితే డోర్ వెనక అంచు సుమారు 2 మి.మీ. లేస్తది. ఒకసారికి ఒక్క కబ్జానే వదులు చెయ్యాలి, రెండూ వదిలితే డోర్ ముందున్న చోటు గుర్తు పోతది.

డోర్ అంచుకు, పక్క ప్యానెల్‌కు నడుమ సందు 4-5 మి.మీ. చాలు. రంగుకు ముందైతే కొంచెం ఎక్కువే ఉంచండి, ప్రైమర్, పెయింట్ పొరలు రెండంచులా తింటయి. కొత్త రబ్బర్ డోర్‌ను బయటికి తంతది, దానికోసం కబ్జా ముట్టొద్దు; కొన్ని రోజులు మూసి ఉంచితే అదే అణుగుతది.