హేచరీ వారి తప్పేం లేదు

పోస్టులో కోడిపిల్లల్ని తెప్పించుకుని, ఆరు నెలలు మేపి, తీరా అవి క్యాటలాగ్ బొమ్మలో ఉన్నట్టు లేవని గోల పెట్టేవాళ్లు అమెరికాలో ఎక్కువైపోతున్నారు. మన తెలుగువాళ్లూ ఆ గుంపులో చేరారు. డాలస్ దగ్గర మేముండే వీధిలోనే రెండు గూళ్లు లేచాయి. ఒకప్పుడు శనివారం భోజనాల్లో గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందని మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు పెట్ట గుడ్డెప్పుడు పెడుతుందని మాట్లాడుకుంటున్నాం. ఎదురుచూడటం అలవాటైన ప్రాణాలు కాబట్టి పెద్ద తేడా తెలియడం లేదు. ఈ గోలలో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీ వాళ్లని అన్యాయంగా ఆడిపోసుకుంటున్నారు. నిరుడు స్వయంగా పదిహేను పిల్లల్ని తెప్పించుకున్నవాడిగా, వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ధర్మం.

ముందు నా పరిస్థితి చెప్పాలి. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు చేరింది. బర్డ్ ఫ్లూ దెబ్బకి గుడ్లు పెట్టే కోళ్లు కోట్లలో పోయాయి. షాపుల్లో మనిషికి ఇన్నే అని బోర్డులు. మా ఆవిడ ఆమ్లెట్‌లో ఉల్లిపాయలు పెంచి గుడ్లు తగ్గించడం మొదలుపెట్టింది. ఆ రాత్రే నేను ఎక్సెల్ షీటు తెరిచాను. పన్నెండు పెట్టలు, ఏడాదికి ఇన్ని గుడ్లు, డజనుకి ఇంత. షీటు ప్రకారం మూడో ఏడుకి నేను చిన్న సైజు జమీందారుని. ఆ షీటులో దాణాకి ఒక గడి ఉండాలన్న సంగతి తర్వాత తెలిసింది.

అమెరికాలో కోడిపిల్లల్ని పోస్టులో పంపడం కొత్త కాదు, 1918 నుంచీ ఉంది. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చే ముందు మిగిలిన పచ్చసొన మొత్తం కడుపులోకి లాక్కుంటుంది. తల్లి కట్టిచ్చిన చద్దిమూట అన్నమాట. దానితో మూడు రోజుల దాకా తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. అందుకే గుడ్డులోంచి బయటపడిన 72 గంటల్లోపు చేర్చాలని పోస్టల్ వారి నిబంధన. ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉండాలి కాబట్టి పూర్వం పాతిక పిల్లలకి తక్కువైతే పంపేవారు కాదు. ఇప్పుడు తక్కువా పంపుతున్నారు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి ఫోను మోగింది. ఆ వేళకి ఫోనొస్తే ఇక్కడున్న ఏ తెలుగువాడికైనా గుండె జారిపోతుంది, ఊళ్లో ఎవరికేమైందోనని. పోస్టాఫీసు నుంచి ఒకావిడ. "మీ పార్సిల్ అరుస్తోందండీ, కాస్త తొందరగా వచ్చి పట్టుకెళ్లండి." వెనక తలుపు దగ్గర చేతికిచ్చింది. చెప్పులపెట్టెకి అన్నగారంత అట్టపెట్టె, చుట్టూ గుండ్రటి కన్నాలు, ఒక కన్నంలోంచి బయటికొచ్చిన బియ్యపుగింజంత ముక్కు. కారులో ఏసీ ఆపేసి, పాటలు ఆపేసి, ఇరవై మైళ్ల స్పీడులో ఇంటికొచ్చాను. మా పెద్దాణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు కూడా ముప్పై దాటినట్టు గుర్తు.

పదిహేను రాయిస్తే పదహారు వచ్చాయి. పదహారోది ఉచితం. దాని సంగతి తర్వాత చెబుతాను. ఒక్కోదాన్నీ పట్టుకుని ముక్కు నీళ్లలో ముంచి, అది గుటకేసిందో లేదో చూసి, బల్బు కింద వదలాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి, తర్వాత వారానికి ఐదేసి తగ్గించాలి. ప్రయాణం బడలికకి కొన్నిటికి వెనకాల రెట్ట ఎండి అట్టకట్టేస్తుంది. తుడవకపోతే పిల్ల దక్కదు. కాబట్టి పదిహేడేళ్ల అనుభవమున్న క్లౌడ్ ఆర్కిటెక్టు రాత్రి రెండింటికి, గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, కోడిపిల్ల వెనకభాగం తుడుస్తూ కూర్చున్నాడు. రెండో రోజు ఒకటి పోయింది. మిగిలిన పదిహేనూ బతికాయి. ఇది హేచరీ వారి గొప్పతనమే. పేరున్న హేచరీలన్నీ 1935లో మొదలైన జాతీయ పౌల్ట్రీ పథకం కింద రోగపరీక్షలు చేయిస్తాయి. అడిగితే తొలిరోజే మారెక్స్ జబ్బుకి టీకా వేసి పంపుతాయి. ఆరోగ్యమైన పిల్ల కావాలంటే సంతలో కొనేకంటే ఇదే మేలు. ఈ పేరా వరకు నేను వ్యంగ్యమాడటం లేదు.

ఇక అభియోగాలకి వద్దాం.

మొదటిది, జాతి. నేను రాయించినవి ఐదు రోడ్ ఐలాండ్ రెడ్లు, మూడు లైట్ బ్రహ్మలు, ఏడు అమెరికానాలు. క్యాటలాగ్‌లో రోడ్ ఐలాండ్ రెడ్ నల్లబడిన చింతపండు రంగులో, పెట్టెలా చదరంగా, పోలీసు ఇన్‌స్పెక్టరులా నిలబడి ఉంది. నాకు పెరిగినవి ఇటుక రంగులో, సన్నగా, కానిస్టేబుల్ సెలక్షన్‌కి పరిగెడుతున్నట్టున్నాయి. లైట్ బ్రహ్మ పుంజు 12 పౌండ్లు, పెట్ట తొమ్మిదున్నర ఉండాలని అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ప్రమాణం. 1874 నుంచీ వాళ్లు అచ్చేస్తున్న కొలతల పుస్తకం ఉంది, అందులో తురాయికి ఎన్ని పళ్లుండాలో కూడా రాస్తారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే మనకి సామెత, వాళ్లకి వృత్తి. మా బ్రహ్మ పెట్టని బాత్రూం కాటా మీద ఎక్కిస్తే ఏడుంది, అదీ కదిలితే.

కానీ ఆలోచించండి. హేచరీవాడు వారానికి వేలకి వేలు పిల్లల్ని తీయాలి. గుంపు పెట్టల్లోకి గుంపు పుంజుల్ని వదులుతాడు. ఏది ఎక్కువ గుడ్లు పెడితే దాని గుడ్లే పొదిగించుకుంటాడు. వీపు వాలుగా ఉందా, తోక ఎంత లేచింది, ఈక రంగు ఏంటని చూసే తీరిక ఎవరికుంది? అలా పది తరాలు తిరిగేసరికి పేరు మిగులుతుంది, గుడ్లు మిగులుతాయి, రూపం జారిపోతుంది. ప్రదర్శనలకి పెంచే ఆసామి దగ్గరికెళ్తే రూపం దొరుకుతుంది. జత చూసి జతకట్టిస్తాడు, వందలో తొంభై పక్కన పెడతాడు. అయితే పిల్లకి నాలుగైదు రెట్లు అడుగుతాడు, వచ్చే వసంతం దాకా ఆగమంటాడు, పైగా ఆ అందగత్తెలు సాధారణంగా గుడ్లు తక్కువ పెడతాయి. నాలుగున్నర డాలర్లకి అందం, గుడ్లు రెండూ కావాలనడం పెళ్లిచూపుల్లో పెద్దాళ్లు అడిగే జాబితాలాంటిది.

బ్రహ్మల విషయంలో నాది అచ్చంగా భక్తి. పేరు చూసి రాయించాను. తర్వాత చదివితే తెలిసింది, 1850ల్లో అమెరికా ఈశాన్యంలో కోళ్ల పిచ్చి ముదిరినప్పుడు, ఒకాయన ఈ జాతి బ్రహ్మపుత్ర తీరం నుంచి వచ్చిందన్నాడు. జార్జ్ బర్న్‌హామ్ అనే ఇంకొకాయన, కాదు ఇవి షాంఘైవి అన్నాడు. అంటూనే 1852లో తొమ్మిది కోళ్లని విక్టోరియా రాణికి కానుకగా పంపాడు. రాణిగారికి చేరిందంటే ఇక రేటు ఆగుతుందా? అంటే ఈ వ్యాపారంలో బొమ్మా పేరూ ముందు పుడతాయి, కోడి వెనకాల వస్తుంది. నా బ్రహ్మలు ఏడు పౌండ్లే ఉండటం బ్రహ్మరాత.

అమెరికానాల కథ ఇంకా ముచ్చటైనది. నీలం గుడ్లు పెట్టే నిజమైన జాతి పేరు అమెరౌకానా, 1984లో దానికి గుర్తింపు వచ్చింది. క్యాటలాగ్‌లో ఉన్నది అమెరికానా. మా ఊరి కిరాణా కొట్టులో, పేరున్న సబ్బు పక్కనే ఒక్క అక్షరం తేడాతో, అదే రంగు కాగితంలో ఇంకో సబ్బు ఉండేది. పుట్టినప్పట్నుంచీ ఆ సబ్బుతో స్నానం చేసి పెరిగినవాణ్ణి, ఇక్కడ మోసపోయానంటే తప్పెవరిది? పైగా వాళ్లు నీలం అని రాయలేదు. "రంగురంగుల గుడ్లు పెట్టవచ్చు" అని రాశారు. ఆ "వచ్చు" అన్న రెండక్షరాల్లో ఎంత న్యాయశాస్త్రం ఉందో చూడండి. ఏడు సంకరజాతి పెట్టల్లో నాలుగు ఆకుపచ్చ, ఒకటి గులాబీ మట్టిరంగు, రెండు మామూలు గోధుమరంగు పెడుతున్నాయి. నీలం సున్నా. గోధుమరంగు మాత్రం రంగు కాదా?

రెండో అభియోగం, ఆడా మగా. ఒక్కరోజు పిల్ల వెనకభాగం నొక్కి, లోపలి చిన్న బొడిపెని చూసి ఆడో మగో చెప్పే విద్యని జపాన్ శాస్త్రవేత్తలు 1920ల్లో కనిపెట్టారు. తర్వాతి దశాబ్దంలో అక్కడి నిపుణులు అమెరికా హేచరీల్లో పని చేయడానికి వచ్చారు. ఆరితేరినవాళ్లు గంటకి వెయ్యి పిల్లల్ని వేరు చేస్తారు. నా హేచరీ 90 శాతం పెట్టలేనని గ్యారంటీ ఇచ్చింది. ఎంసెట్‌లో 90 అంటే మనం మిఠాయిలు పంచుతాం. కోళ్లలో 90 అంటే పదింట్లో ఒకటి తెల్లవారుజామున నాలుగింటికి కూస్తుంది.

ఈ తీర్పు నాకు ముందుగా ఇచ్చింది భీమవరం దగ్గర మా మేనమామ. పిల్లలకి ఐదు వారాలప్పుడు వీడియో కాల్ చేసి సగర్వంగా చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, ఫోను ముక్కుకి ఆనించుకుని చూశాడు.

"ఏరా అల్లుడూ, అన్నీ పెట్టలే అన్నావు?"

"అవును మావయ్యా. గ్యారంటీ కూడా ఉంది."

"ఆ మూలదాని కాళ్లు చూడు. మంచం కోళ్లలా ఉన్నాయి. తురాయి అప్పుడే ఎర్రబడింది. అది పుంజురా. ఇటు తిప్పు. ఆ ఎర్రదీ పుంజే, డేగ అవుద్ది. ఆ తెల్లది సేతువ. దాన్ని పెట్టని ఎవడన్నాడ్రా నీకు?"

"అది ఉచితంగా వచ్చింది మావయ్యా."

"మరీ. పుంజుని ఊరికే ఇచ్చాడంటే ఇంకెందుకిస్తాడు?"

డేగ, సేతువ అంటే పందెం పుంజుల్లో రంగుల పేర్లు. తొమ్మిది వేల మైళ్లు దాటి వెళ్లిన గ్యారంటీని ఆయన అరనిమిషంలో కొట్టిపారేశాడు. ఉచిత పిల్ల రహస్యమూ అదే. గుడ్ల జాతుల్లో మగపిల్లలకి గిరాకీ లేదు. పెట్టెలో వెచ్చదనానికి థర్మాకోల్ బదులు ఒకటి రెండు పుంజుల్ని వేస్తారు. చెత్తకి పోయేదాన్ని మనకి కానుకగా ఇవ్వడం వ్యాపారమే కాదు, దానం కూడా.

నాకు ఆ తెల్లపుంజుని ఎక్కడో చూసినట్టే అనిపించేది. మా చిన్నప్పుడు సైకిలు వెనక గంప పెట్టుకుని ఒకాయన వచ్చేవాడు. గంప నిండా గులాబీ, ఆకుపచ్చ, ఊదారంగు కోడిపిల్లలు. అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చి రెండు రూపాయలకి గులాబీది కొన్నాను. నెలన్నరకి గులాబీ పోయి తెల్లపుంజు మిగిలింది. అవీ గుడ్ల కోళ్ల హేచరీల్లో వద్దనుకున్న మగపిల్లలే, రంగు ముంచి అమ్మేవారు. అప్పుడు ఏడేళ్లు, ఇప్పుడు నలభై రెండు. ఈ మధ్యలో రెండు డిగ్రీలు చదివాను. సైకిలాయన నా ఎదురుగా రంగు పూసిన పిల్లని అమ్మాడు. వీళ్లు బొమ్మకి మాత్రమే రంగేసి, పిల్లని పిల్లలాగే పంపారు. నిజాయితీలో ఎవరు మెరుగో మీరే తేల్చండి.

మధ్యలో ఒక మాట. పెరటి కోళ్లని ముద్దు పెట్టుకోవద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పదే పదే హెచ్చరిస్తుంది, సాల్మొనెల్లా వస్తుందని. మావయ్యకి చెబితే నమ్మలేదు. ఆయన ఊళ్లో పందెం పుంజు మొహాన నోటితో నీళ్లు పుక్కిలించి ఊదేవాళ్లకి ఈ సర్క్యులర్ అందినట్టు లేదు.

మా కాలనీ సంఘం నిబంధనల్లో పుంజులు కూడవు. తన కోడి కూస్తేనే తెల్లారుతుందనుకునే ముసలమ్మ కథ మనది. ఇక్కడ నా కోడి కూస్తే తెల్లారేలోపు నోటీసొస్తుంది. వచ్చింది. మూడు పుంజుల్నీ గంటన్నర దూరంలో పొలమున్న ఒక పెద్దాయనకి ఇచ్చొచ్చాను. హేచరీకి రాస్తే, నేను డబ్బిచ్చి కొన్న రెండు పుంజులకి గ్యారంటీ లెక్కగట్టి, పదిహేనింట్లో ఒకటిన్నర దాకా మామూలేనని, అరపుంజు ఎక్కువైందని రెండు డాలర్ల పాతిక సెంట్లు వెనక్కిచ్చారు. అరపుంజుకి కూడా లెక్కగట్టే సంస్థని దొంగ అంటే కళ్లు పోతాయి.

అక్టోబరు మొదటివారంలో తొలి గుడ్డు వచ్చింది. పిల్లలు, గూడు, దాణా, బల్బులు కలిపి అప్పటికి 1,130 డాలర్లు. కాబట్టి ఆ గుడ్డు ఖరీదు 1,130. మర్నాడు రెండోది పడగానే ఒక్కోటీ 565కి దిగింది. ఒక్క రోజులో ధర సగానికి సగం పడిపోయిన వస్తువు ప్రపంచ మార్కెట్లో ఇంకోటి చూపించండి. ఆ సమయానికి షాపులో డజను సుమారు మూడున్నర డాలర్లు.

ఈ సంక్రాంతికి కొత్త క్యాటలాగ్ వచ్చింది. మావయ్యకి పండగ శుభాకాంక్షలు చెబుతూ, నవ్వుకోడానికని పేజీలు తిప్పి చూపిస్తున్నాను. "తల్లిని చూడకుండా, తండ్రిని చూడకుండా, బొమ్మ చూసి కోడిని కొనేవాణ్ణి నిన్నే చూశాన్రా" అంటున్నాడు. నలభయ్యో పేజీలో ఆగాడు. అసీల్, మన పందెం కోళ్ల జాతి. "భారతదేశపు ప్రాచీన జాతి, ధైర్యానికి ప్రసిద్ధి" అని కింద రాసుంది. పైన నిటారుగా, నల్లగా మెరుస్తూ ఒక పుంజు.

మావయ్య కాసేపు మాట్లాడలేదు.

"కాస్త దగ్గరికి పెట్టు. కాళ్లు కనబడేలా... మెడ చూడు, ఎలా ఉందో. ఎంతట్రా?"

"పద్నాలుగు డాలర్లు మావయ్యా. ఆడా మగా ఎంచి ఇవ్వరట."

"పర్లేదులే. ఆ పొలం పెద్దాయన ఉన్నాడుగా, ఆయన దగ్గర పెంచుదువుగాని. నాలుగు రాయి."